బ్రష్‌లెస్ మోటారును ఆపడానికి, వేగాన్ని అదుపులో ఉంచడానికి ఏ పద్ధతి ఎంచుకోవాలి?

బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ సామాను అమ్మే ఎస్పీ రోడ్డులో ఏ బ్రష్‌లెస్ కంట్రోలర్ (మోటారుకు కరెంటు అందించి అదుపు చేసే సాధనం, దీన్నే డ్రైవు అని కూడా అంటారు) కొనబోయినా దాని పెట్టె మీదో, కనెక్షన్ల కాగితం మీదో "బ్రేకు" అనే మాట కనిపిస్తుంది. ఆ ఒక్క మాట కింద కనీసం నాలుగు వేర్వేరు పనులు ఉన్నాయి. ఒక కంట్రోలర్‌లో బ్రేకు అంటే మోటారుకు కరెంటు ఆపేయడం మాత్రమే. ఇంకో దానిలో మూడు ఫేజులను, అంటే మోటారుకు వెళ్లే మూడు తీగలను, షార్ట్ చేయడం (ఒకదానికొకటి నేరుగా కలిపేయడం). వేరొక దానిలో శక్తిని బ్యాటరీకి తిప్పి పంపడం. కాస్త ఖరీదైన డ్రైవులలో విడిగా ఒక రెసిస్టర్‌ను తగిలించుకునే ఏర్పాటు. పీణ్యా పారిశ్రామిక వాడలో చిన్న యంత్రాలు తయారుచేసే మన తెలుగువాళ్లు, పాత సైకిలుకు హబ్ మోటారు (చక్రం మధ్యలోనే ఉండే మోటారు) బిగించుకునేవాళ్లు, చివరి ఏడాది ప్రాజెక్టు కోసం రోబో చేసే ఇంజనీరింగ్ విద్యార్థులు, వీళ్లందరూ "వీటిలో ఏది మంచిది?" అనే అడుగుతారు. ఒకరికి సరిపోయిన సమాధానం ఇంకొకరి కంట్రోలర్‌ను కాల్చేస్తుంది కాబట్టి ఆ ప్రశ్నను కొంచెం మార్చుకోవడం అవసరం.

తిరుగుతున్న మోటారును ఆపడమంటే అందులో ఉన్న శక్తిని ఎక్కడికో పంపించడమే. అది మోటారు లోపలి రాగి చుట్లలోకి (వైండింగ్‌లోకి) వెళ్తుందా, బ్యాటరీలోకి వెళ్తుందా, రెసిస్టర్‌లోకి వెళ్తుందా, బ్రేకు లైనింగ్‌లోకి వెళ్తుందా అన్నది మొదట తేల్చుకోవాలి. ఆ తరువాత, ఆగిన బరువును అక్కడే పట్టి ఉంచాలా వద్దా, నడుస్తుండగా కరెంటు పోతే ఏమి జరగాలి అన్నవి తేల్చుకోవాలి. వీటికి జవాబులు కాగితం మీద పెట్టుకున్నవారికి ఎంపిక దాదాపు దానంతట అదే కుదురుతుంది.

ముందుగా ఒక లెక్క

అంకెలు లేకుండా ఈ పద్ధతులను పోల్చడం కష్టం. 48 వోల్టులతో నడిచే ఒక మామూలు మోటారును తీసుకుందాం. దాని కేవీ విలువ 80, అంటే వోల్టుకు 80 ఆర్‌పీఎం. ధ్రువాల జతలు 4. రెండు ఫేజు తీగల మధ్య కొలిస్తే రెసిస్టెన్సు 0.3 ఓము, ఇండక్టెన్సు 0.4 మిల్లీహెన్రీ. షాఫ్టు మీద 16 సెంటీమీటర్ల వ్యాసం, 4 మిల్లీమీటర్ల మందం ఉన్న ఒక ఉక్కు బిళ్ల బిగించి ఉందనుకుంటే దాని జడత్వ భ్రామకం సుమారు 0.002 కిలోగ్రాము చదరపు మీటర్లు. అది 3000 ఆర్‌పీఎం వద్ద, అంటే సెకనుకు 314 రేడియన్ల వేగంతో తిరుగుతున్నప్పుడు అందులో ఉండే శక్తి సుమారు 99 జౌళ్లు.

దీన్ని ఒక్క సెకనులో ఆపాలంటే 0.63 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) కావాలి. కేవీ 80 ఉన్న మోటారు ఆంపియరుకు సుమారు 0.12 న్యూటన్ మీటర్లు ఇస్తుంది (9.55ను కేవీతో భాగిస్తే ఈ విలువ వస్తుంది) కాబట్టి ఐదు ఆంపియర్ల పైచిలుకు కరెంటు చాలు. ఆ 99 జౌళ్లూ వైండింగ్ రాగిలోనే ఖర్చయినా, రాగి 200 గ్రాములు ఉందనుకుంటే వేడి ఒక డిగ్రీకి కాస్త ఎక్కువగా మాత్రమే పెరుగుతుంది. నిమిషానికి ఒకసారి ఆపే యంత్రానికి ఇది పట్టించుకోవలసిన వేడే కాదు. అదే యంత్రాన్ని రెండు సెకన్లకు ఒకసారి ఆపవలసి వస్తే ఎడతెగకుండా 50 వాట్ల వేడి పుడుతుంది, దాన్ని మాత్రం పట్టించుకోక తప్పదు. అందుకే ఎంత శక్తి అన్నదానితో పాటు ఎన్నిసార్లు అన్నదీ లెక్కలోకి రావాలి.

ఈ మోటారునే పక్కన పెట్టుకుని ఒక్కొక్క పద్ధతినీ చూద్దాం.

ఊరికే వదిలేయడం, షార్ట్ చేయడం

కంట్రోలర్‌లో ఫేజులకు కరెంటు పంపే ఇన్వర్టర్ భాగంలోని ఆరు మాస్‌ఫెట్‌లనూ (ఒక్కో ఫేజుకు పైనొకటి, కిందొకటి ఉండే ఎలక్ట్రానిక్ స్విచ్‌లను) ఆపేస్తే మోటారు తన రాపిడితో తానే నెమ్మదిస్తుంది. ఫ్యానుకు, పంపుకు, పాలిషింగ్ చక్రానికి ఇంతకంటే ఏమీ అక్కరలేదు. ఇళ్లలో వాడే బీఎల్‌డీసీ (బ్రష్‌లెస్) సీలింగ్ ఫ్యాన్‌కు బ్రేకు ఉందా అని అడగవలసిన పనే లేదు. ఆగడానికి పట్టే సమయంతో ఇబ్బంది లేని చోట వదిలేయడమే అన్నిటికంటే చౌకైన, ప్రమాదం తక్కువైన పద్ధతి.

కింది మూడు మాస్‌ఫెట్‌లనూ ఒకేసారి ఆన్ చేస్తే మూడు ఫేజులూ షార్ట్ అవుతాయి. తిరుగుతున్న అయస్కాంతాలు పుట్టించే ఎదురు వోల్టేజి (బ్యాక్ ఈఎంఎఫ్) వైండింగ్‌లోనే కరెంటు నడిపించి, శక్తిని అక్కడే వేడిగా మార్చేస్తుంది. అదనంగా ఏ భాగమూ కొనక్కరలేదు, బయటి విద్యుత్తు కూడా పెద్దగా అక్కరలేదు. ఇక్కడ ఇబ్బంది అంతా కరెంటు పరిమాణంతోనే. మన మోటారు 3000 ఆర్‌పీఎం వద్ద 37.5 వోల్టులు పుట్టిస్తుంది. రెసిస్టెన్సును ఒక్కదాన్నే చూస్తే 125 ఆంపియర్లు వస్తాయి, ఇండక్టెన్సును కూడా కలుపుకుంటే సుమారు 65 ఆంపియర్లు ఉంటాయి. ఒక సెకనులో ఆపడానికి ఐదారు ఆంపియర్లు చాలిన చోట ఇంత కరెంటు ప్రవహిస్తే, 30 ఆంపియర్లకు తయారైన కంట్రోలర్‌లోని మాస్‌ఫెట్‌లు తట్టుకోవు. వేడెక్కి ఉన్న నియోడిమియం అయస్కాంతాలు కొంత బలాన్ని శాశ్వతంగా కోల్పోయే ప్రమాదం కూడా ఉంది.

షార్ట్ బ్రేకుకు ఇంకో గుణం ఉంది, దీన్ని చాలామంది గమనించరు. వేగం ఎక్కువైన కొద్దీ బ్రేకు బలం పెరుగుతూనే పోదు. వేగం బాగా ఎక్కువగా ఉన్నప్పుడు ఇండక్టెన్సు కారణంగా కరెంటు వెనకబడి, టార్క్ తగ్గుతుంది. మన మోటారుకు అత్యధిక టార్క్ సుమారు 1800 ఆర్‌పీఎం వద్ద వస్తుంది. అక్కడి నుంచి కిందికి వచ్చే కొద్దీ మళ్లీ తగ్గుతూ, వేగం సున్నా అయ్యేసరికి టార్క్ కూడా సున్నా అవుతుంది. కాబట్టి షార్ట్ బ్రేకు దేన్నీ పట్టి ఉంచలేదు. వేలాడే బరువు ఉంటే అది మెల్లగా జారుతూనే ఉంటుంది. చిన్న మోటార్లకు, తక్కువ వేగాలకు, అప్పుడప్పుడూ ఆపే పనులకు ఈ పద్ధతి హాయిగా సరిపోతుంది.

షార్ట్ కరెంటు ఎక్కువవుతోంది కదా అని కింది మాస్‌ఫెట్‌లను పీడబ్ల్యూఎంతో, అంటే సెకనుకు వేలసార్లు, ఆన్, ఆఫ్ చేస్తూ బ్రేకును మృదువుగా మార్చుకునేవాళ్లు ఉన్నారు. ఆలోచన మంచిదే, కానీ దాని పర్యవసానం తెలుసుకుని చేయాలి. మాస్‌ఫెట్‌లు ఆఫ్ అయిన ప్రతి క్షణం వైండింగ్ ఇండక్టెన్సులో నిలవ ఉన్న శక్తి పై మాస్‌ఫెట్‌ల డయోడ్ల గుండా డీసీ బస్సులోకి, అంటే సప్లై తీగల్లోకి ఎగబాకుతుంది. మోటారు వైండింగ్, మాస్‌ఫెట్‌లు కలిసి అచ్చమైన బూస్ట్ కన్వర్టర్‌గా, అంటే వోల్టేజిని పెంచే సర్క్యూట్‌గా, పనిచేస్తాయి. అంటే మనం అనుకోకుండానే రీజెన్ (శక్తిని సప్లై వైపు తిప్పి పంపడం) మొదలైపోయింది.

రీజెన్: బ్యాటరీ లేని చోట జాగ్రత్త

పీణ్యాలో లేబుల్ అంటించే యంత్రాలు చేసే ఒక అనంతపురం తయారీదారు అడిగిన ప్రశ్న ఇది: "సార్, మోటారు నడిచేటప్పుడు ఏ గొడవా లేదు. ఆపినప్పుడే పవర్ సప్లై ఆరిపోతోంది. కొత్త సప్లై పెట్టినా అంతే." ఆయన సప్లైలో లోపం లేదు. ఎస్‌ఎంపీఎస్ (ఆయన వాడిన తరహా పవర్ సప్లై) అనేది కరెంటును ఇవ్వగలదు గానీ తిరిగి తీసుకోలేదు. మోటారు వెనక్కి నెట్టిన శక్తికి పోయే దారి లేక, అదంతా బస్సు మీదున్న కెపాసిటర్లలో పేరుకుపోతుంది. వోల్టేజి హద్దు దాటగానే సప్లైలోని ఓవర్ వోల్టేజి రక్షణ దాన్ని ఆపేస్తుంది. కొన్ని సప్లైలు మెయిన్స్ తీసి మళ్లీ వేసేదాకా తిరిగి పనిచేయవు. నిజానికి ఆయన అదృష్టవంతుడు. రక్షణ లేని సప్లై అయితే డ్రైవులోని మాస్‌ఫెట్‌లే పేలిపోయేవి.

ఎంత పేరుకుంటుందో చూడండి. 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ 48 వోల్టుల నుంచి 60 వోల్టులకు ఎక్కేలోపు తీసుకోగలిగే శక్తి 0.65 జౌలు. మన చక్రంలో ఉన్నది 99 జౌళ్లు. అందులో కొంత రాపిడికి, వైండింగ్ వేడికి పోయినా, ఇది చెంబు పట్టే చోట డ్రమ్ము నీళ్లు గుమ్మరించడమే. కెపాసిటర్లు పెంచి దీన్ని తట్టుకోవాలంటే లక్షన్నర మైక్రోఫారడ్లకు పైగా కావాలి, అది ఎవరూ చేయదగిన పని కాదు. టీవీఎస్ డయోడ్ పెడితే చాలని కొందరు సలహా ఇస్తారు. అది మిల్లీసెకను, అంతకంటే తక్కువ కాలం వచ్చే స్పైకుల కోసం తయారైనది, ఇన్ని జౌళ్లను మింగడానికి కాదు.

బ్రేకు ఇన్‌పుట్ వాడకపోతే ఈ గొడవ ఉండదనుకోవడం కూడా సరికాదు. పై మాస్‌ఫెట్, కింది మాస్‌ఫెట్ వంతులవారీగా పనిచేసే సింక్రోనస్ పీడబ్ల్యూఎం ఉన్న కంట్రోలర్‌లో వేగం నాబ్‌ను ఒక్కసారిగా తగ్గించినా శక్తి వెనక్కి వస్తుంది. పాత తరహా కంట్రోలర్లు అలా కాకుండా మోటారును వదిలేస్తాయి. ఒకే మోటారు, ఒకే సప్లై, కంట్రోలర్ మాత్రమే మార్చాక సప్లై ఆరిపోవడం మొదలైందంటే కారణం ఇదే అయ్యే అవకాశం ఎక్కువ.

దీనికి ఉన్న మందుల్లో అన్నిటికంటే చౌకైనది వేగం తగ్గించే ర్యాంపును, అంటే ఆగడానికి ఇచ్చే సమయాన్ని, పొడిగించడం. ఒక సెకనుకు బదులు ఐదు సెకన్లు ఇస్తే చాలా చిన్న యంత్రాల్లో రాపిడి, వైండింగ్ నష్టాలే శక్తిని తినేస్తాయి, ఖర్చు పైసా ఉండదు. ఐదు సెకన్లు ఆగే వీలు లేకపోతే బ్రేకు రెసిస్టర్ పెట్టాలి. బస్సు వోల్టేజి ఒక హద్దు దాటగానే ఒక మాస్‌ఫెట్ ఆన్ అయి రెసిస్టర్‌ను బస్సుకు కలుపుతుంది, తగ్గగానే తీసేస్తుంది. మన ఉదాహరణలో హద్దును 56 వోల్టులు పెట్టుకుంటే, ఒక సెకనులో ఆపేటప్పుడు మొదట్లో వచ్చే అత్యధిక పవర్ సుమారు 200 వాట్లు. 10 ఓముల రెసిస్టర్ 56 వోల్టుల వద్ద 313 వాట్లు తీసుకుంటుంది కాబట్టి సరిపోతుంది. పది సెకన్లకు ఒకసారి ఆపితే సగటు వేడి 10 వాట్లే; అల్యూమినియం ఒరలో వచ్చే 50 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్‌ను యంత్రం రేకుకు బిగిస్తే చాలు. సప్లైకి, డ్రైవుకు మధ్య ఒక షాట్కీ డయోడ్ పెట్టి, రెసిస్టర్ ఏర్పాటును డయోడ్‌కు డ్రైవు వైపున ఉంచితే పెరిగిన వోల్టేజి సప్లై దాకా రాదు. 48 వోల్టుల డ్రైవుల్లో 63 వోల్టుల కెపాసిటర్లు సర్వసాధారణం, కాబట్టి హద్దును 60 దాకా లాగకుండా ఉండడం మేలు.

సప్లైతో నడిచే యంత్రాలకు నా ఓటు ఎప్పుడూ రెసిస్టర్‌కే. బ్రేకు వేసిన ప్రతిసారీ ఒకే తీరుగా పనిచేస్తుంది, బ్యాటరీ నిండిందా లేదా అన్నదానితో దానికి సంబంధం లేదు, కాలిపోయినా తక్కువ డబ్బుతో మార్చుకోవచ్చు. ఆ లేబుల్ యంత్రానికి కూడా డయోడ్, రెసిస్టర్ కలిపిన చిన్న బోర్డే సరైన చికిత్స.

సైకిలు, స్కూటరు: రీజెన్ ఎంత ఇస్తుంది?

బ్యాటరీ ఉన్న చోట రీజెన్‌కు న్యాయంగా చోటు ఉంది. అయితే దాని నుంచి ఏమి ఆశించాలో తెలియాలి. మనిషితో కలిపి 100 కిలోలున్న సైకిలు గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే అందులో ఉన్న శక్తి 0.67 వాట్ అవర్. 36 వోల్టుల 10 ఆంపియర్ అవర్ బ్యాటరీలో ఉండేది 360 వాట్ అవర్లు. ఏ నష్టమూ లేకుండా మొత్తం తిరిగి వచ్చినా ఒక్కసారి ఆగితే దక్కేది ఐదు వందల వంతు. మారతహళ్లి నుంచి సిల్క్ బోర్డు దాకా ప్రతి సిగ్నల్ దగ్గరా ఆగినా సైకిలు దూరం చెప్పుకోదగ్గంతగా పెరగదు. 200 కిలోల స్కూటరు 45 కిలోమీటర్ల వేగం నుంచి ఆగితే 4.3 వాట్ అవర్లు ఉంటాయి, కాబట్టి స్కూటరుకు కాస్త గిట్టుబాటు అవుతుంది. బెంగళూరు కంపెనీ ఏథర్ 2024లో విడుదల చేసిన 450 అపెక్స్‌లో యాక్సిలరేటర్‌ను ఎదురు దిక్కుకు తిప్పితే రీజెన్‌తో వేగం తగ్గే ఏర్పాటు ఉంది. తొక్కిసలాట ట్రాఫిక్‌లో బ్రేకు లివర్ మీద చెయ్యి వేయకుండానే నడపగలగడం దానితో దక్కే సౌకర్యం.

బ్రేకు బలం మాటకొస్తే హద్దు బ్యాటరీ దగ్గరే ఉంటుంది. ఆ 10 ఆంపియర్ అవర్ బ్యాటరీ 5 ఆంపియర్లకు మించి చార్జింగ్ తీసుకోకూడదంటే, 42 వోల్టుల వద్ద అది 210 వాట్లు. 25 కిలోమీటర్ల వేగంలో ఇది చక్రం దగ్గర సుమారు 30 న్యూటన్ల బలం మాత్రమే. వైండింగ్ నష్టాలు కలిసి మరికొంత పెరిగినా, చేతి బ్రేకులు గట్టిగా పట్టినప్పటి బలంలో పదో వంతు కూడా కాదు. వేగం తగ్గే కొద్దీ ఈ బలం కొంత పెరుగుతుంది గానీ, ముందు వాహనం అకస్మాత్తుగా ఆగినప్పుడు దీని మీద ఆధారపడే ఆలోచన చేయకండి. రీజెన్ ఉన్నా రెండు చక్రాలకూ మామూలు బ్రేకులు పూర్తి స్థాయిలో ఉండి తీరాలి.

పల్లంలో మాత్రం లెక్క మారుతుంది. 200 కిలోల స్కూటరు నిలువుగా 100 మీటర్లు దిగితే 54 వాట్ అవర్ల శక్తి విడుదలవుతుంది, అంటే పన్నెండు సార్లు ఆగినంత. నంది కొండ మీది నుంచి దిగేటప్పుడు రీజెన్ బ్రేకు లైనింగులను, డిస్కులను వేడెక్కకుండా కాపాడుతుంది. కానీ కొండ మీద బ్యాటరీని పూర్తిగా చార్జ్ చేసుకుని దిగితే ఆ శక్తికి చోటుండదు. మంచి కంట్రోలర్ బ్యాటరీ వోల్టేజిని చూసి రీజెన్‌ను క్రమంగా తగ్గిస్తుంది. నాసిరకం కంట్రోలర్ నెట్టుకుంటూ పోతుంది. చివరికి బ్యాటరీలోని రక్షణ సర్క్యూట్ (బీఎంఎస్) చార్జింగ్ దారిని మూసేస్తుంది. ఆ క్షణంలో బస్సు వోల్టేజి ఎగిరి కంట్రోలర్ కాలిపోవచ్చు, లేదా అది తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోయి మలుపులో ఉన్నట్టుండి బ్రేకు మాయం కావచ్చు. అందువల్ల కొనేటప్పుడు రీజెన్ కరెంటుకు, బ్యాటరీ గరిష్ఠ వోల్టేజికి విడివిడిగా హద్దులు పెట్టుకునే వీలుందో లేదో అడగాలి. స్వీడన్ ఇంజనీరు బెంజమిన్ వెడ్డర్ మొదలుపెట్టిన వెస్క్ అనే ఓపెన్ సోర్స్ కంట్రోలర్‌లో ఈ రెండూ వేర్వేరుగా ఉంటాయి, నేను దాన్ని సిఫారసు చేయడానికి అదొక ప్రధాన కారణం.

సైకిలుకు మోటారు కొనేవారు డబ్బు ఇవ్వకముందే తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. గేర్లున్న హబ్ మోటారులో సాధారణంగా లోపల ఒక దిక్కుకే పట్టే ఫ్రీవీల్ క్లచ్ ఉంటుంది కాబట్టి చక్రం మోటారును తిప్పలేదు, రీజెన్ అసాధ్యం. పెడల్ దగ్గర బిగించే మిడ్ డ్రైవ్ మోటార్లు కూడా సాధారణంగా వెనక చక్రం ఫ్రీవీల్ వల్ల అంతే. గేర్లు లేని డైరెక్ట్ డ్రైవ్ హబ్ మోటారుకే ఆ సదుపాయం ఉంటుంది, అది బరువు ఎక్కువ, కరెంటు లేనప్పుడు తొక్కితే కొంచెం పట్టేస్తుంది. కంట్రోలర్ మీద ఎంత పెద్ద అక్షరాలతో రీజెన్ అని రాసి ఉన్నా అటువంటి గేర్ మోటారుతో అది పనిచేయదు. డైరెక్ట్ డ్రైవ్ తీసుకుంటే టార్క్ ఆర్మ్ (ఇరుసు తిరిగిపోకుండా ఫ్రేముకు పట్టి ఉంచే పట్టీ) తప్పకుండా బిగించుకోండి, ఎందుకంటే రీజెన్ వల్ల ఇరుసు మీద బలం రెండు దిక్కులా మారుతూ నట్లను వదులు చేస్తుంది.

ఎదురు తిప్పడం, పట్టి ఉంచడం

ముందుకు తిరుగుతున్న మోటారుకు వెనక్కి తిరగమని ఆదేశమిచ్చి ఆపడం అతి తొందరగా ఆపే పద్ధతే, కానీ కరెంటు అదుపు లేని కంట్రోలర్‌తో చేస్తే విధ్వంసం. సప్లై 48 వోల్టులు, బ్యాక్ ఈఎంఎఫ్ 37.5 వోల్టులు రెండూ కలిసి 0.3 ఓము మీద పడతాయి. కాగితం మీద అది 285 ఆంపియర్లు. ఎఫ్ఓసీ (ఫీల్డ్ ఓరియెంటెడ్ కంట్రోల్, అంటే అయస్కాంతాల స్థానాన్ని బట్టి కరెంటును అదుపు చేసే పద్ధతి) ఉన్న డ్రైవులో క్యూ అక్షం కరెంటును, అంటే టార్క్ పుట్టించే కరెంటును, నెగటివ్‌గా ఆదేశిస్తే ఇదే పని ఐదారు ఆంపియర్లతో, సున్నా వేగం దాకా సమానమైన టార్క్‌తో జరిగిపోతుంది. ఎఫ్ఓసీ లేని కంట్రోలర్‌తో ఈ పద్ధతి జోలికి పోవద్దు.

నిలువుగా ఎత్తే దేనికైనా, అంటే చిన్న సరుకుల లిఫ్టుకు, సీఎన్‌సీ యంత్రంలో జెడ్ అక్షానికి, స్ప్రింగుతో పట్టి, కరెంటుతో వదిలే విద్యుదయస్కాంత బ్రేకు తప్ప వేరే ఎంపిక లేదు. పవర్ పోయినప్పుడు స్ప్రింగు దానంతట అదే పట్టేస్తుంది. ఎక్కువగా ఇవి 24 వోల్టుల కాయిల్‌తో దొరుకుతాయి. బరువు వల్ల వచ్చే టార్క్‌కు కనీసం ఒకటిన్నర నుంచి రెండు రెట్లు పట్టే బ్రేకు తీసుకోవాలి. ఎన్‌కోడర్ (షాఫ్టు ఎంత తిరిగిందో కొలిచే సెన్సర్) ఉన్న మంచి డ్రైవు కూడా బరువును కదలకుండా పట్టి ఉంచగలదు, అయితే అంతసేపూ కరెంటు తింటూ మోటారు వేడెక్కుతుంది, కరెంటు పోయిన మరుక్షణం బరువు కింద పడుతుంది. ఈ బ్రేకును ఆగినదాన్ని పట్టి ఉంచడానికే వాడాలి. పూర్తి వేగంలో ఉన్నదాన్ని రోజంతా దీనితో ఆపుతూ పోతే లైనింగ్ త్వరగా అరిగిపోతుంది. ముందు డ్రైవు వేగాన్ని సున్నాకు తేవాలి, తరువాత బ్రేకు పట్టాలి, ఆపైనే డ్రైవు టార్క్ వదలాలి. ఎత్తేటప్పుడు ఈ వరుస తిరగబడుతుంది: మొదట టార్క్, ఆ తరువాత బ్రేకు విడుదల. వర్మ్ గేరు ఉంది కదా, అది వెనక్కి తిరగదు కదా అని బ్రేకు మానేసేవాళ్లకు ఒక మాట: కంపనం ఉన్న చోట వర్మ్ గేరు మెల్లగా జారుతుంది. మనుషులు కింద నడిచే చోట దాన్ని నమ్మకూడదు.

అత్యవసర స్విచ్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. యంత్రాల విద్యుత్ భద్రతకు సంబంధించిన ఐఈసీ 60204-1 ప్రమాణంలో కేటగిరీ 0 అంటే వెంటనే పవర్ తీసేయడం, కేటగిరీ 1 అంటే అదుపులో ఆపిన తరువాత పవర్ తీసేయడం. ఎర్ర బటన్ నొక్కితే డ్రైవు పవర్ పోయేలా వైరింగ్ చేస్తే ఎలక్ట్రానిక్ బ్రేకులన్నీ అదే క్షణంలో పోతాయి, చక్రం తన ఇష్టానికి తిరుగుతూ ఉంటుంది. తిరిగే భాగం చేతికి అందే యంత్రాలకు కేటగిరీ 1 గానీ, పవర్ పోగానే మూసుకునే రిలే ద్వారా ఫేజులను రెసిస్టర్ల మీదికి మళ్లించే ఏర్పాటు గానీ కావాలి.

వేగం అదుపు: అతి తక్కువ వేగమే కొలమానం

వేగం నియంత్రణలో ఎంపికను తేల్చేది గరిష్ఠ వేగం కాదు, మీరు నిలకడగా నడపవలసిన కనిష్ఠ వేగం. డ్యూటీని (పీడబ్ల్యూఎంలో ఆన్‌గా ఉండే సమయపు వంతును) మార్చి వోల్టేజిని మాత్రమే అదుపు చేసే పద్ధతిలో లోడు పెరిగితే వేగం పడిపోతుంది. యాక్సిలరేటర్ పట్టుకుని మనిషే వేగాన్ని సరిచూసుకునే సైకిలుకు అది చాలు, నిజానికి నడపడానికి సహజంగా కూడా ఉంటుంది. కన్వేయర్‌కు అది చాలదు, వేగాన్ని కొలిచి సరిదిద్దే పీఐ లూపు కావాలి.

కొలిచే సాధనం దగ్గరే తేడా వస్తుంది. అయస్కాంతాల స్థానాన్ని గుర్తించే మూడు హాల్ సెన్సర్లు ఒక విద్యుత్ చక్రానికి (అంటే ఒక ధ్రువాల జత దాటేలోపు) ఆరు మార్పులు ఇస్తాయి. 4 ధ్రువాల జతలున్న మన మోటారుకు ఒక చుట్టుకు 24. అది 3000 ఆర్‌పీఎం వద్ద 0.83 మిల్లీసెకనుకు ఒక సమాచారం, 60 ఆర్‌పీఎం వద్ద 42 మిల్లీసెకన్లకు ఒకటి. రెండో సందర్భంలో లోడు మారిన సంగతి లూపుకు తెలిసేలోపే మోటారు కుదుపుతుంది. పీఐ విలువలు ఎన్నిసార్లు మార్చినా అది పోదు, ఎందుకంటే లోపం సమాచారంలోనే ఉంది. 1000 గీతల ఎన్‌కోడర్ చుట్టుకు 4000 మార్పులు ఇస్తుంది కాబట్టి అదే 60 ఆర్‌పీఎం వద్ద 0.25 మిల్లీసెకనుకు ఒకటి అందుతుంది. 23 ధ్రువాల జతలున్న హబ్ మోటారుకు హాల్ సెన్సర్లతోనే చుట్టుకు 138 మార్పులు వస్తాయి, అందుకే వాహనాలకు అవి సరిపోతున్నాయి. సెన్సర్ లేని పద్ధతి బ్యాక్ ఈఎంఎఫ్‌ను చూసి పనిచేస్తుంది, వేగం గరిష్ఠంలో 5 నుంచి 10 శాతం కంటే కిందికి పోతే ఆ సంకేతం గుర్తించలేనంత బలహీనమవుతుంది. డ్రోనుకు, ఫ్యానుకు అది సరైన ఎంపిక. బరువుతో కదలడం మొదలుపెట్టవలసిన బండికి కాదు.

ఫేజులకు కరెంటును ఆరు అంచెల్లో మార్చుతూ పోయే ఆరు మెట్ల కమ్యుటేషన్‌కు, ఎఫ్ఓసీకి మధ్య తేడా తక్కువ వేగంలోనే చెవికి వినిపిస్తుంది. ఆరు మెట్ల పద్ధతిలో ప్రతి మార్పు దగ్గర టార్క్ కాస్త తగ్గి పెరుగుతుంది, మోటారు గుర్రుమంటుంది. ధర తక్కువ, గరిష్ఠ వేగం దగ్గర పెద్దగా నష్టం లేదు. నిశ్శబ్దం, మృదువైన ఆరంభం, సున్నా దాకా అదుపు కావాలంటే ఎఫ్ఓసీకే ఖర్చు పెట్టాలి.

వేగం అదుపు, బ్రేకు రెండూ ఒక చోట కలుస్తాయి. పల్లంలోకి దిగే కన్వేయర్‌ను బరువే ముందుకు లాగుతుంది. డ్యూటీని ఎంత తగ్గించినా, ఎదురు టార్క్ ఇవ్వలేని కంట్రోలర్ దాని వేగాన్ని ఆపలేదు. అటువంటి పనికి నాలుగు క్వాడ్రంట్ల డ్రైవు, అంటే రెండు దిక్కుల్లోనూ నడపగల, ఆపగల డ్రైవు తీసుకోవాలి, శక్తి పోవడానికి రెసిస్టరో బ్యాటరీయో చూపించాలి. "స్పీడ్ కంట్రోల్ ఉంది" అన్న మాట విని కొన్న డ్రైవులో ఇది లేకపోవడం మామూలే, కాబట్టి అమ్మేవారిని ఈ ఒక్క ప్రశ్న సూటిగా అడగండి: లోడు మోటారును తోస్తే మీ డ్రైవు పట్టగలదా?

విద్యార్థుల చిన్న రోబోకు హాల్ సెన్సర్లున్న మోటారు, బ్యాటరీ, కరెంటు హద్దున్న ఎఫ్ఓసీ బోర్డు ఉంటే రీజెన్ దానంతట అదే వస్తుంది, రెసిస్టర్ అక్కరలేదు. కాలేజీ ల్యాబులో బెంచ్ సప్లైతో పరీక్షించేటప్పుడు మాత్రం డయోడ్, రెసిస్టర్ పెట్టుకోవాలి. చాలా బోర్డులు పోయేది పోటీలో కాదు, ఆ బెంచ్ మీదే.

ఏది కొన్నా మొదటి పరీక్ష సగం వేగంతో, పొడవైన ర్యాంపుతో చేయండి. బస్సు వోల్టేజిని ఆసిలోస్కోప్‌తో చూడండి; మామూలు మల్టీమీటర్ నెమ్మదిగా చదువుతుంది కాబట్టి అసలు శిఖరాన్ని చూపించదు. శిఖరం కెపాసిటర్ల మీద రాసి ఉన్న వోల్టేజిలో 90 శాతం లోపే ఉంటే వేగాన్ని కొంచెం కొంచెంగా పెంచుతూ, ర్యాంపును తగ్గిస్తూ వెళ్లండి. తరువాత బ్యాటరీని పూర్తిగా నింపి అదే పరీక్ష మళ్లీ చేయండి. చివరగా, చుట్టుపక్కల ఎవరూ లేకుండా చూసుకుని, లోడుతో నడుస్తుండగా మెయిన్ స్విచ్ తీసేసి అది ఎంతసేపటికి ఆగుతుందో, బరువు ఎక్కడ నిలుస్తుందో కొలిచి, ఆ అంకెను యంత్రం మీదే రాసి పెట్టండి.